పాత జీపునకు వేఱొక యింజను

పాత జీపుబండి చట్రము గట్టిగా నుండి యింజను మాత్రము చెడిపోయిన యెడల, వేఱొక బండి యింజనును దానికి బిగింపవచ్చునా యని సభ్యులు మమ్ము అడుగుచుందురు. బిగింపవచ్చును. కాని యింజను చట్రములో పట్టినంత మాత్రమున బండి నడవదు. దాని వెనుక క్లచ్చి, గేరుపెట్టె, ప్రొపెల్లరు షాఫ్టు, యాక్సిలు వరుసగా నున్నవి. వీనిలో ఏ యొక్కటి కుదురకున్నను పెట్టిన ధనము వృథా యగును.

విల్లీసు వారి బండ్లను చూడుడు. 1947 నాటి వారి పికప్పు బండికిని, యుద్ధకాలపు జీపునకును 134 ఘనపుటంగుళముల యింజను ఒక్కటియే. తరువాత 1950లో దాని తలభాగమును మార్చి, గాలి వచ్చు వాల్వులను పైకెక్కించి, బలమును 60 నుండి సుమారు 72 గుఱ్ఱములకు పెంచిరి. బోరు, స్ట్రోకు మారలేదు గనుక క్రొత్తది పాతదాని చోట సాధారణముగా కుదురును. పెరిగినది ఎత్తు మాత్రమే. 1953లో వచ్చిన సి.జె.3బి జీపు బానెట్టు అంత ఎత్తుగా నుండుటకు కారణ మిదియే. మన దేశమున మహీంద్రా వారు చిరకాలము తయారుచేసినది ఈ జాతి బండియే.

డీజిలు యింజను తగిలింపదలచువారు మఱింత యోచింపవలెను. అది బరువెక్కువ, ముందరి కమానుకట్టలు క్రుంగును. మఱియు పెట్రోలు యింజనంత వేగముగా తిరుగదు. యాక్సిలు నిష్పత్తి 5.38గా నుండి, చక్రపు చుట్టుకొలత 2.2 మీటర్లైనచో, నిమిషమునకు 2400 చుట్లు తిరుగు యింజనుతో పై గేరులో బండి గంటకు సుమారు 59 కిలోమీటర్లకు మించదు. నిష్పత్తి 4.27 ఐనచో 74 వరకు పోవును. పొలములో బరువు లాగుటకు మొదటిదే మేలు.

అయితే వెనుక యాక్సిలు నొక్కదానినే మార్చి ముందరిదానిని వదలరాదు. నాలుగు చక్రములకును బలము నిచ్చినప్పుడు రెండింటి నిష్పత్తులు వేఱైనచో గేర్లు విఱుగును. నిష్పత్తి తెలియుటకు గేరును న్యూట్రలులో నుంచి, ఒక వెనుక చక్రమును మాత్రము జాకీతో లేపి రెండు చుట్లు త్రిప్పవలెను. షాఫ్టు తిరిగిన చుట్లే నిష్పత్తి. ఈ జీపులలో చేతిబ్రేకు షాఫ్టునే పట్టును గనుక దానిని వదలవలసి యుండును. కావున తక్కిన మూడు చక్రములకు ముందే రాళ్ళడ్డము పెట్టవలెను.

ఇక చట్టము. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను పత్రములోని వివరములతో సరిపడని మార్పు చేయరాదు. యింజను నంబరు అందులో నుండును. కావున పని మొదలిడక మునుపే రవాణా కార్యాలయమున అడిగి, అనుమతి దొరకునని తేలిన పిమ్మటనే సొమ్ము చెల్లింపవలెను. లేనిచో ప్రమాదము జరిగిన నాడు భీమా కంపెనీవారు పేచీ పెట్టుదురు. అమ్మువాని యొద్ద యింజను నంబరు వ్రాసిన రశీదు పుచ్చుకొనుడు. నంబరు అరగదీసిన యింజనును, ఎంత చౌకకు వచ్చినను, ముట్టవలదు.