నిలిపి ఉంచిన కారు బ్యాటరీ ఎందుకు దిగిపోతుంది?

మా వరికుంటపాడు మెట్ట పల్లెల్లో కారు రోజూ కదిలేది కాదు. ఆదివారం గుడికి, అవసరమైతే ఉదయగిరికో ఆత్మకూరుకో. మిగతా దినాలు వేపచెట్టు కిందే.

ఒక రాత్రి ఇంట్లో చిన్నబిడ్డకు జ్వరం తగిలింది. తాళం తిప్పితే 'టిక్' అన్న శబ్దమే! ఇరుగుపొరుగువారు లేచి వచ్చి తోస్తేగాని బయలుదేరలేకపోయాము. మరునాడే కొత్త బ్యాటరీ వేయించాము. వారం తిరగకుండా అదీ దిగిపోయింది.

అప్పుడు మెకానిక్కు వరుసగా చూశాడు. నిండుగా ఉన్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజను నడుస్తుండగా 14 వోల్టులకు అటూ ఇటూ వస్తే ఛార్జింగు సరిగా ఉన్నట్టే. మాకు రెండూ బాగున్నాయి. టెర్మినళ్ళకు బూజు లేదు, వదులు లేదు.

ఇంజను ఆపి, తలుపులు మూసి, నెగటివ్ తీగ విప్పి మధ్యలో ఆంపియర్ల మీటరు పెట్టాడు. కాసేపాగాక సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు. మాది 400! ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోతే డిక్కీ దీపం ఫ్యూజు దగ్గర అంకె పడిపోయింది. స్విచ్చి ఇరుక్కుని, మూత వేసినా లోపల దీపం వెలుగుతూనే ఉంది. 35 ఆంపియర్-అవర్ బ్యాటరీని ఆ చిన్న దీపం మూడున్నర దినాల్లో ఖాళీ చేస్తుంది.

గమనిక: మీటరు అలా ఉండగా ఇంజను స్టార్టు చేయకూడదు; బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు.

ఎండకు బ్యాటరీ దానంతటదే త్వరగా దిగుతుంది గనుక నీడలో నిలపండి, వారానికొకసారి అరగంట నడపండి. కొత్తది కొనకముందు కారణం వెదకండి. చిన్న స్విచ్చితో పోయేదానికి మేము బ్యాటరీ ఖరీదు చెల్లించాము.