మొహమాటం మాది.. ఇబ్బంది చిట్టిది

మేం డాలస్ పక్కన ఇర్వింగ్‌కు వచ్చిన కొత్తలో తెచ్చుకున్న పిల్లి చిట్టి. ఇప్పుడు దానికి 13 ఏళ్లు. టీకాలైనా, పళ్ల శుభ్రమైనా మొదటి నుంచీ ఇంటి దగ్గరున్న ఒకే క్లినిక్‌లో.

నిరుడు చిట్టి ఎంత తిన్నా చిక్కిపోసాగింది. నీళ్లూ ఎక్కువే తాగేది. డాక్టర్‌కు చెబితే ‘వయసు మీదపడింది కదా’ అన్నారు. రెండోసారి వెళ్లినా అదే మాట. రక్త పరీక్ష చేయిద్దామా అంటే, తర్వాత చూద్దామన్నారు.

ఇన్నేళ్ల పరిచయం. మారితే ఏమనుకుంటారోనని మొహమాటం. మా అమ్మాయే ఊరుకోలేదు. ‘అమ్మా, నాకు జ్వరం తగ్గకపోతే ఇంకో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లవా?’ అంది.

మర్నాడే పాత రికార్డులు అడిగాను. ఎందుకని కూడా అడక్కుండా ఈమెయిల్ చేశారు. కొత్త డాక్టర్ చిట్టి బరువు తూచి, పాత లెక్కలతో పోల్చారు. మెడ తడిమి చూశారు. టీ4 రక్త పరీక్ష చేయించారు. హైపర్‌థైరాయిడిజం! ముసలి పిల్లుల్లో తరచూ కనిపించేదేనట. వదిలేస్తే గుండెకూ ముప్పే. రెండు పూటలా మెథిమజోల్ మాత్ర వేస్తున్నాం. మూడు నెలల్లో చిట్టి మళ్లీ ఒళ్లు చేసింది.

బిల్లు ఎక్కువైందనో, ఓ రోజు ఆలస్యమైందనో డాక్టర్‌ను మార్చమనను. అడిగిన దానికి రెండుసార్లూ సరైన జవాబు రాకపోతే మాత్రం ఆగొద్దు. రికార్డులు, వాడుతున్న మందుల జాబితా వెంట తీసుకెళ్లండి. గొడవ అక్కర్లేదు. నోరులేని జీవి తరఫున అడగాల్సింది మనమే కదా!