ఎవరు మిగిలారు? ఆమ్లం, క్షారం, మన గాజుగుడ్డ

దెబ్బ తగిలితే ఆసుపత్రిలో కట్టే తెల్లని గాజుగుడ్డ మనందరికీ తెలిసిందే. అది ఎక్కడ తయారవుతుందో తెలిసినవారు మాత్రం తక్కువ. పడమటి కనుమల పాదాల దగ్గర ఉన్న మా రాజపాళయం, దాని పక్కనున్న చత్రపట్టి కట్టుగుడ్డకు పేరుపడ్డ ఊళ్ళు. విజయనగర కాలంలోనూ ఆ తరువాతా దక్షిణానికి వచ్చి స్థిరపడిన రాజుల కుటుంబాలు ఇక్కడ ఇప్పటికీ ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతాయి. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా గారు రాజపాళయం మిల్స్ స్థాపించారు. ఊరి బతుకు నూలుతో గట్టిగా ముడిపడింది.

మగ్గం దిగిన గుడ్డ ఉన్నపళంగా గాయం మీద వేయడానికి పనికిరాదు. పత్తి పీచుకు పుట్టుకతో వచ్చిన మైనం ఉంటుంది. పడుగుకు పెట్టిన గంజి ఉంటుంది. అటువంటి గుడ్డ మీద నీళ్ళు పోస్తే జారిపోతాయి గాని ఇంకవు. అందుకని దాన్ని కాస్టిక్ సోడా నీళ్ళలో ఉడికిస్తారు, బ్లీచింగ్ చేసి తెల్లబరుస్తారు, పలుచని ఆమ్లంలో ముంచి మళ్ళీ మళ్ళీ కడుగుతారు. వీటిలో ఎక్కడ లెక్క తప్పినా ఆ తప్పు గుడ్డలోనే ఉండిపోతుంది. క్షారం మిగిలితే పుండు మండుతుంది. గంధకామ్లం వంటిది మిగిలితే గుడ్డ ఆరేకొద్దీ అది చిక్కబడి పీచును తినేస్తుంది, గుడ్డ చివికిపోతుంది.

నేను ఈ ఊళ్ళో చాలా ఏళ్ళు రసాయన శాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి. ఇప్పుడు సాయంత్రాలు మా అరుగు మీదికి పుస్తకాలతో వచ్చే పిల్లలు అడిగే ప్రశ్నల్లో సగం ఒకటే: "తాతా, ఈ రెండూ కలిపితే ఏమొస్తుంది? పీహెచ్ ఎంత?" పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. గుడ్డ తెల్లబరిచేచోట అది కూలీ డబ్బుల ప్రశ్న, నీళ్ళ ప్రశ్న, ఒక్కోసారి ప్రాణానికి సంబంధించిన ప్రశ్న. తల్లిదండ్రులు ఇంట్లోనే తెలుగులో చెప్పుకోగలిగేటట్టు ఆ విషయం నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

కారమా, క్షారమా?

తమిళ బడిలో చదివే మన పిల్లలకు మొదటి తికమక మాటల దగ్గరే వస్తుంది. తమిళ పుస్తకంలో ఆమ్లాన్ని 'అమిలం' అంటారు, క్షారాన్ని 'కారం' అంటారు. ఇంట్లో కారం అంటే మిరపపొడి. "కారం నీళ్ళు ఎర్ర లిట్మస్‌ను నీలంగా మారుస్తాయట, నిజమేనా అమ్మమ్మా?" అని ఒక పిల్లవాడు అడిగితే, ఆ పెద్దావిడ మిరపకాయల డబ్బా తీసి చూపించిందని మా వీధిలో నవ్వుకుంటారు. తమిళంలో కారం అన్న ఒకే మాట రెండు పనులూ చేస్తుంది. తెలుగులో క్షారం వేరు, కారం వేరు. ఈ ఒక్క ముక్క ముందే చెబితే పిల్లవాడికి రెండు భాషలూ అడ్డురావు, అక్కరకొస్తాయి.

రెండూ కలిసి ఒకదాన్నొకటి అణచుకోవడాన్ని తమిళంలో 'నడునిలైయాక్కల్' అంటారు, అంటే నడిమధ్య నిలబెట్టడం. తెలుగులో తటస్థీకరణం. తటం అంటే ఒడ్డు. తటస్థుడు ఏటిలో దిగకుండా ఒడ్డున నిలబడ్డవాడు.

ఏమొస్తుంది?

ఆమ్లం నీటిలో హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. కాస్టిక్ సోడా వంటి క్షారం హైడ్రాక్సైడ్ అయాన్లను వదులుతుంది. ఆ రెండూ కలిస్తే నీరు. వాటితో వచ్చిన తోడువాళ్ళు మిగిలి లవణం అవుతారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కాస్టిక్ సోడా కలిపితే మనం తినే ఉప్పు, నీరు వస్తాయి. సలఫ్యూరిక్ ఆమ్లం కలిపితే సోడియం సల్ఫేటు, నీరు. వినిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం కలిపితే సోడియం ఎసిటేటు, నీరు. తినే సోడా మీద నిమ్మరసం పిండితే లవణం, నీటితో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా పుట్టి బుసబుస పొంగుతుంది. పేర్లు వేరైనా వరుస ఒకటే.

ఎంతకు ఎంత?

ఇక్కడే చాలామంది పొరబడతారు. రసాయనాలు తూకం చూసి కలవవు, లెక్క చూసి కలుస్తాయి. అరటిపళ్ళను డజన్లలో లెక్కపెట్టినట్టు రసాయన శాస్త్రంలో మోల్‌లలో లెక్కపెడతారు. ఒక మోల్ కాస్టిక్ సోడా 40 గ్రాములు. ఒక మోల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 36.5 గ్రాములు. ఎసిటిక్ ఆమ్లం 60 గ్రాములు. సలఫ్యూరిక్ ఆమ్లం 98 గ్రాములు, కాని దానికి రెండు చేతులు. ఒక్కొక్కటి రెండేసి కాస్టిక్ సోడాలను పట్టుకుంటుంది.

తొట్టిలో 4 కిలోల కాస్టిక్ సోడా మిగిలి ఉందనుకుందాం. దాన్ని అణచడానికి స్వచ్ఛమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లమైతే 3.65 కిలోలు కావాలి. సలఫ్యూరిక్ అయితే 4.9 కిలోలు. ఎసిటిక్ అయితే 6 కిలోలు. బజారులో దొరికేది స్వచ్ఛం కాదు. సీసా మీద 33 శాతం అని ఉంటే ఆ 3.65 కిలోల కోసం సుమారు 11 కిలోల ద్రవం పోయాలి. చీటీ చదవకుండా పోసినవాడి లెక్క మూడోవంతు దగ్గరే ఆగిపోతుంది.

చివరి రెండు మిల్లీలీటర్లు

ఇప్పుడు పీహెచ్. ఈ కొలతను 1909లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రవేశపెట్టాడు. మామూలు గది వేడిలో 7 అంటే తటస్థం. అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఒక్కొక్క మెట్టుకు పదింతల తేడా అన్నది మరవకూడదు.

0.1 మోలార్ కాస్టిక్ సోడా 100 మి.లీ. తీసుకుందాం. పీహెచ్ 13. అందులో 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొంచెం కొంచెంగా పోద్దాం. 60 మి.లీ. పోశాక సగానికి పైగా క్షారం పోయింది కదా, పీహెచ్ ఎంతకు దిగి ఉంటుంది? పిల్లలు సాధారణంగా 9 అనో 10 అనో అంటారు. లెక్క వేసి చూడండి. పది పాళ్ళలో ఆరు పోయి నాలుగు మిగిలాయి. ఆ నాలుగూ ఇప్పుడు 160 మి.లీ.లో పరుచుకున్నాయి. పీహెచ్ 12.4!

99 మి.లీ. పోసినా ఇంకా 10.7. సరిగ్గా 100 దగ్గర 7. ఇంకొక్క మిల్లీలీటరు, అంటే 101 పోస్తే 3.3. తొంభై తొమ్మిది మిల్లీలీటర్లు పోసినా రెండు మెట్లకంటె కొంచెమే ఎక్కువ దిగిన పీహెచ్, చివరి రెండు మిల్లీలీటర్లకు ఏడు మెట్లకు పైగా పడిపోయింది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు మొదట ధైర్యంగా పోస్తారు, చివర చుక్కలు లెక్కపెడతారు.

కలిపాక పీహెచ్ తెలుసుకోవడానికి అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఎవరు మిగిలారు? మిగిలినదాన్ని మొత్తం ద్రవంతో భాగించాలి. ఎంత పోశామన్నది ఆ లెక్క చేయడానికే.

ఎవరూ మిగలకపోతే?

అప్పుడు పీహెచ్ 7 అని రాసేస్తారు. అది హైడ్రోక్లోరిక్ వంటి బలమైన ఆమ్లం, కాస్టిక్ సోడా వంటి బలమైన క్షారం కలిసినప్పుడే నిజం. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం 100 మి.లీ.కు అదే బలం గల కాస్టిక్ సోడా 100 మి.లీ. కలిపితే రెండూ పూర్తిగా ఖర్చవుతాయి, అయినా పీహెచ్ 8.7 ఉంటుంది. పుట్టిన లవణం తల్లిదండ్రుల్లో బలమైనవారి పోలికే తెచ్చుకుంటుంది.

దీనికి సాక్ష్యం మన ఇళ్ళల్లోనే ఉంది. ఉప్పు ఇద్దరు బలవంతుల బిడ్డ, తటస్థం. చాకలి సోడా బలమైన క్షారానికి, బలహీనమైన కార్బోనిక్ ఆమ్లానికి పుట్టింది, అందుకే చేతికి జారుడుగా తగిలి మురికిని వదిలిస్తుంది. కళాయి వేసేవారు ఇత్తడి గిన్నె మీద చల్లే నవాసారం బలమైన ఆమ్లానికి, బలహీనమైన అమ్మోనియాకు పుట్టింది, అందుకే లోహం మీది చిలుమును తినేస్తుంది.

ఎసిటిక్ ఆమ్లానికి సగం కాస్టిక్ సోడా మాత్రమే కలిపితే పీహెచ్ 4.76 దగ్గర నిలుస్తుంది. ఆ పైన కొంచెం ఆమ్లం పడినా, కొంచెం క్షారం పడినా పెద్దగా కదలదు. దీన్నే బఫర్ అంటారు. మన నెత్తురులో కూడా ఇటువంటి ఏర్పాటే ఉండి, పీహెచ్‌ను 7.35, 7.45 నడుమ నిలబెడుతుంది. బట్ట పనిలో చివరికి ఎసిటిక్ ఆమ్లం వాడడంలో ఇంకో సుగుణం ఉంది. కొంచెం మిగిలినా ఆరేటప్పుడు ఆవిరై పోతుంది గాని గుడ్డను కొరకదు.

నీళ్ళు పోస్తే చాలదా?

"ఎక్కువైన క్షారాన్ని నీళ్ళతో పలచన చేస్తే సరిపోతుంది కదండీ, ఆమ్లం ఎందుకు?" అని అడిగినవారున్నారు. మన దేశపు పర్యావరణ నిబంధనల ప్రకారం బయటికి వదిలే నీటి పీహెచ్ 5.5, 9.0 నడుమ ఉండాలి. పీహెచ్ 12 ఉన్న ఒక లీటరు కాస్టిక్ సోడా నీటిని కేవలం మంచినీళ్ళు పోసి 9కి తేవాలంటే మొత్తం 1000 లీటర్లు కావాలి. అదే లీటరును 1 మోలార్ ఆమ్లం 10 మి.లీ. తటస్థం చేస్తుంది. వానకోసం ఆకాశం వంక చూసే విరుదునగర్ జిల్లాలో ఈ రెండు అంకెల మధ్య తేడా ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

గుడ్డ పరీక్ష

వైద్యానికి వాడే దూదికి బ్రిటిష్ ఫార్మకోపియా వంటి ఔషధ ప్రమాణ గ్రంథాలు పెట్టిన పరీక్ష చాలా సులువైనది. 15 గ్రాముల దూదిని 150 మి.లీ. నీటిలో రెండు గంటలు నాననిచ్చి, ఆ నీటిని తీసి వడగడతారు. 25 మి.లీ.లో ఫినాఫ్తలీన్ చుక్కలు, మరో 25 మి.లీ.లో మిథైల్ ఆరెంజ్ చుక్క వేస్తారు. రెండింటిలో ఏదీ గులాబీరంగు కాకూడదు. మొదటిది ఎర్రబడితే క్షారం మిగిలిందని, రెండోది ఎర్రబడితే ఆమ్లం మిగిలిందని అర్థం. దూదిని నీటిలో వదిలితే పది సెకన్లలో మునగాలన్నది మరో నియమం. మైనం పోయిందా లేదా అన్నది అలా తేలుతుంది.

కలపకూడని జంట

ఇది ప్రతి ఇల్లాలూ వినవలసిన మాట. బావిలో చల్లే బ్లీచింగ్ పౌడరు, స్నానాల గది కడిగే యాసిడ్ చాలా ఇళ్ళల్లో ఒకే మూల ఉంటాయి. రెండూ కలిపితే ఇంకా బాగా శుభ్రమవుతుందని అనుకోవద్దు. ఆ రెండూ కలిస్తే కాల్షియం క్లోరైడు, నీరు, వాటితో పాటు క్లోరిన్ వాయువు పుడతాయి. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర సైనికుల మీదికి వదిలినది ఈ వాయువునే. గాలికంటె బరువైనది కనుక మూసిన గదిలో నేలబారున నిలిచిపోతుంది. బ్లీచింగ్ అయిన గుడ్డను బాగా కడిగిన తరువాతే ఆమ్లంలోకి దించాలనడానికి కారణం కూడా ఇదే. పొరపాటున రెండూ కలిస్తే తలుపులు తీసి, అందరూ వెంటనే బయటికి వచ్చేయాలి.

ఒంటి మీద యాసిడ్ పడితే విరుగుడని సున్నం గాని, సోడా గాని రాయకండి. బలమైన ఆమ్లం, క్షారం కలిసినప్పుడు మోల్‌కు సుమారు 57 కిలోజౌళ్ళ వేడి పుడుతుంది. ఉన్న పుండుకు కాలిన పుండు తోడవుతుంది. ధారగా నీళ్ళు పోస్తూనే ఉండాలి. కంట్లో పడితే కనీసం పావుగంట కడిగి, తరువాత డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. పలచన చేసేటప్పుడు నీళ్ళలోకి ఆమ్లాన్ని పోయాలి గాని, ఆమ్లంలోకి నీళ్ళు పోయరాదు.

పిల్లలూ, మీరే చేసి చూడండి

పెళ్ళిలో పారాణికి, దిష్టి తీసే ఎర్రనీళ్ళకు పసుపులో సున్నం కలుపుతారు కదా. పసుపు క్షారంలో ఎర్రబడుతుంది, ఆమ్లంలో మళ్ళీ పచ్చబడుతుంది. పెద్దవాళ్ళ నడిగి ఒక గ్లాసులో సున్నపు తేట పోయించుకోండి. చిటికెడు పసుపు వేయండి. సున్నం కంట్లో పడకుండా జాగ్రత్త. ఇప్పుడు నిమ్మరసం ఒక్కొక్క చుక్కే వేస్తూ, కలుపుతూ, లెక్కపెట్టండి. చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆ తరువాత ఒకటి రెండు చుక్కల్లో రంగు తిరిగిపోతుంది. అంతకు ముందు వేసిన చుక్కలేవీ వృథా కాలేదు, అవన్నీ సున్నాన్ని ఖర్చు చేస్తూనే ఉన్నాయి.

ఎన్నో చుక్కకు రంగు తిరిగిందో పుస్తకంలో రాసుకోండి. మర్నాడు సగం సున్నపు తేటతో అదే చేసి, చుక్కలు ఎన్ని పడతాయో వేయకముందే చెప్పండి. మీ అంచనా దగ్గరగా వస్తే, కలపకముందే ఫలితం చెప్పడం మీకు వచ్చినట్టే.