ఐసులో పనిచేసే చేతులు

చలి అనగానే మనకు కాశ్మీరమో లంబసింగో గుర్తుకు వస్తాయి. కృష్ణా డెల్టాలో చలి ఎక్కడిది? మే నెలలో విజయవాడలో పాదరసం 45 డిగ్రీల దాకా ఎగబాకుతుంది. జనవరిలో కూడా ఇక్కడ దుప్పటి ముసుగుతన్నేది తెల్లవారుజామున మాత్రమే. అయినా ఈ డెల్టాలో ఏడాది పొడుగునా, రోహిణి కార్తెలో సైతం, వేళ్ళు కొంకర్లు పోయే చలిలో పనిచేసేవాళ్ళు ఉన్నారు. మీ తరగతిలో ఒకరిద్దరి అమ్మో అక్కో వారిలో ఉండవచ్చు. తెల్లవారకముందే ఊరి సెంటరులో బస్సు ఆగుతుంది. టిఫిన్ క్యారియర్లు పట్టుకొని ఆడవాళ్ళు ఎక్కుతారు. వాళ్ళు వెళ్ళేది రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటుకు.

చెరువులో పట్టిన రొయ్య చచ్చిన క్షణం నుంచి పాడవడం మొదలవుతుంది. దాని శరీరంలోని ఎంజైములు పెంకు కింద నల్లమచ్చలు తెస్తాయి, బాక్టీరియా మాంసాన్ని కుళ్ళబెడుతుంది. రెండింటికీ విరుగుడు చలే. అందుకే చెరువు గట్టు మీదనే రొయ్యను ఐసులో వేస్తారు. తల తీసేటప్పుడు, పెంకు ఒలిచేటప్పుడు, వీపు మీది నల్లటి పేగు లాగేటప్పుడు, సైజుల వారీగా ఏరేటప్పుడు కూడా దాన్ని 4, 5 డిగ్రీలు దాటనివ్వరు. ఆఖరున ఫ్రీజరులో గడ్డకట్టించి, సున్నాకు 18 డిగ్రీల దిగువన నిలవచేస్తారు. 1997లో యూరోపియన్ దేశాలు శుభ్రత చాలదని మన దేశపు చేపలూ రొయ్యల దిగుమతిని కొంతకాలం ఆపేశాయి. ఆ ఏడాది డిసెంబరు నుంచే అమెరికా కూడా తమ దేశానికి వచ్చే సరుకుకు అడుగడుగునా ఉష్ణోగ్రత లెక్కలు ఉండాలన్న నిబంధన అమలులో పెట్టింది. అప్పటి నుంచి మన ప్లాంట్లలో థర్మామీటరు కీలకమైన పనిముట్టు అయింది. రొయ్య ఎన్ని గంటలకు ఎన్ని డిగ్రీలలో ఉందో రిజిస్టరులో రాస్తారు. కొనేవాడు సముద్రాల అవతల నుంచి అడిగినా చూపించాలి.

అదే బల్ల మీద, అదే ఐసులో మునిగి ఉండే వేళ్ళు ఎన్ని డిగ్రీలలో ఉన్నాయి? దానికి మాత్రం రిజిస్టరులో గడి లేదు.

ఆ వేళ్ళకు ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి చిన్న ప్రయోగం చేయవచ్చు. ఒక పళ్ళెంలో ఇరవై పెసరగింజలు పోసి, ఒక్కొక్కటిగా ఏరి గ్లాసులో వేయండి. ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. తరువాత అదే చేతిని ఐసు ముక్కలు తేలుతున్న నీటిలో ఒక్క నిముషం ఉంచి, తుడుచుకొని, మళ్ళీ ఏరండి. (చలికి వేళ్ళు తెల్లబడే అలవాటు ఉన్నవాళ్ళు దీన్ని చేయవద్దు. నిముషానికి మించి ఎవరూ చేయవద్దు.) రెండోసారి గింజలు వేళ్ళ మధ్య నుంచి జారిపోతాయి. గింజను పట్టుకున్నామో లేదో కంటితో చూస్తే కాని తెలియదు. ఇది ఒక్క నిముషం ఫలితం. పీలింగ్ బల్ల దగ్గర షిఫ్టు ఎనిమిది గంటలు.

ఐసు నీరు అంత త్వరగా వేడిని ఎలా లాగేస్తుంది? గాలి కంటే నీటి ఉష్ణవాహకత సుమారు 25 రెట్లు ఎక్కువ. అందువల్ల 5 డిగ్రీల గాలిలో నిలబడడానికీ, 5 డిగ్రీల నీటిలో చేయి పెట్టడానికీ పోలికే లేదు. దీనికి తోడు గుప్తోష్ణం అని మీరు ఎనిమిదో తొమ్మిదో తరగతిలో చదివి ఉంటారు. ఒక గ్రాము ఐసు కరగడానికి 80 కెలోరీలు కావాలి. అంటే 100 గ్రాముల ఐసును ఊరికే నీరుగా మార్చడానికి ఖర్చయ్యే వేడితో, 100 గ్రాముల నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. ఆ వేడిలో కొంత గాలి ఇస్తుంది, కొంత రొయ్య ఇస్తుంది. మిగిలినది ఇచ్చేది మనిషి చేయి.

చేతివేళ్ళది మరో ఇబ్బంది. వండిన అన్నం గిన్నెలో ఉన్నంతసేపూ పొగలు కక్కుతుంది, విస్తట్లో పరిస్తే ఇట్టే చల్లారుతుంది. పరిమాణం తక్కువై ఉపరితలం ఎక్కువైన వస్తువు తొందరగా వేడిని కోల్పోతుంది. వేళ్ళు అలాంటివే. పైగా వేళ్ళలో కండరాలు దాదాపు లేవు. వేలిని ముడిచే కండరాలు ముంజేతిలో ఉండి, నరంబుల వంటి తాళ్ళతో వేలిని లాగుతాయి. కండరం లేదు కనుక వేలు సొంతంగా పుట్టించుకునే వేడి చాలా తక్కువ. దానికి వేడి అందేది రక్తం ద్వారానే. చలి తగలగానే శరీరం చేసే మొదటి పని ఆ రక్తాన్ని తగ్గించడం! గుండె, మెదడు, కాలేయం 37 డిగ్రీల దగ్గర ఉండాలి. వాటిని కాపాడడానికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఇంటి యజమాని పొదుపు కోసం వసారాలో దీపం ఆర్పినట్టు శరీరం వేళ్ళకు వెచ్చదనం ఆపేస్తుంది. చర్మం 15 డిగ్రీలకు దిగితే వేళ్ళ నైపుణ్యం తగ్గుతుంది. ఇంకా దిగి 10 డిగ్రీల లోపుకు వస్తే నాడులు సంకేతాలు సరిగా మోయలేవు, స్పర్శ పోతుంది.

1930లో థామస్ లూయిస్ అనే బ్రిటిష్ వైద్యుడు ఒక వింత గమనించాడు. ఐసు నీటిలో ఉంచిన వేలు మొదట చల్లబడి, కొన్ని నిముషాల తరువాత తనంతట తానే కాస్త వెచ్చబడింది, మళ్ళీ చల్లబడింది. ముడుచుకున్న రక్తనాళాలు మధ్యమధ్య తెరుచుకుంటాయన్నమాట. చన్నీళ్ళతో పనిచేసే కెనడాలోని గాస్పే తీరపు జాలర్ల మీద తరువాత పరీక్షలు చేశారు. వాళ్ళ చేతులు మామూలువాళ్ళ చేతుల కంటే వెచ్చగా ఉంటున్నాయని తేలింది. "అలవాటైతే ఏమీ కాదు" అని మేస్త్రీలు చెప్పే మాటలో ఈ మాత్రం నిజం ఉంది. కాని వేడిదేశాలలో పుట్టి పెరిగినవారిలో ఈ తెరుచుకునే గుణం బలహీనంగా ఉంటుందని కూడా పరిశోధనలు చెబుతున్నాయి. గాస్పే జాలరి లెక్కను కొల్లేరు ఒడ్డు అమ్మాయికి అప్పజెప్పడం శాస్త్రం కాదు.

స్పర్శ లేని వేలికి కత్తి తగిలినా, రొయ్య కొమ్ము గుచ్చుకున్నా వెంటనే తెలియదు. గంటలకొద్దీ తడిలో నానిన చర్మం మెత్తబడి, పగిలి, సూక్ష్మజీవులకు దారి ఇస్తుంది. చేతులు ముంచే క్లోరిన్ నీరు ఆ పగుళ్ళను మండిస్తుంది. కొందరికి చలి తగలగానే వేళ్ళు సుద్దముక్కల్లా తెల్లబడి, తరువాత నీలంగా, ఆ తరువాత ఎర్రగా మారుతాయి. ఈ స్థితిని 1862లో మొదట వివరించిన ఫ్రెంచి వైద్యుడు మారిస్ రేనో పేరుతోనే దాన్ని పిలుస్తారు. ఇది ఉన్నవాళ్ళను ఐసు బల్ల దగ్గర నిలబెట్టకూడదు. వేరే పని ఇవ్వాలి.

2024 మార్చిలో అమెరికాలోని కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే సంస్థ ఆంధ్రప్రదేశ్ రొయ్యల పరిశ్రమలో పని పరిస్థితుల మీద ఒక పెద్ద నివేదిక ప్రచురించింది. దాని మీద పత్రికలలో చాలా చర్చ జరిగింది. ఎగుమతిదారులు ఆ ఆరోపణలను ఖండించారు. ఆ వాదం అలా ఉంచుదాం. మంచి ప్లాంట్లూ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. రొయ్య మాత్రం ఎక్కడైనా చల్లగానే ఉండాలి కనుక చేయి ఎక్కడైనా చల్లబడుతుంది.

ఒలిచే హాలు ఒక రకం చలి అయితే, ఫ్రీజరు గది మరో రకం. అక్కడ తడి తక్కువ, గాలి ఎక్కువ. బ్లాస్ట్ ఫ్రీజర్లలో ఉష్ణోగ్రత సున్నాకు 40 డిగ్రీల దిగువకు కూడా పోతుంది. 1941లో అంటార్కిటికాలో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు, నీరు పోసిన ప్లాస్టిక్ డబ్బాను ఆరుబయట వేలాడదీసి, అది గడ్డకట్టే వేగాన్ని కొలిచారు. గాలి విసురు పెరిగినకొద్దీ నీరు త్వరగా గడ్డకట్టింది. చర్మాన్ని అంటుకొని ఉండే పల్చని వెచ్చని గాలిపొరను విసురుగాలి ఎత్తుకుపోతుంది కదా! నేడు వాడే సూత్రం ప్రకారం లెక్కగడితే, మైనస్ 18 డిగ్రీల గదిలో ఫ్యాను గాలి గంటకు 18 కిలోమీటర్ల వేగంతో ముఖానికి కొడితే మైనస్ 27 డిగ్రీల చలిలో నిలబడినట్టే ఉంటుంది.

ఇక్కడ మన వాతావరణం ఒక తిరకాసు పెడుతుంది. బయట 40 డిగ్రీల ఉక్కలో లారీకి పెట్టెలు ఎత్తిన కూలీ చొక్కా చెమటతో తడిసి ఉంటుంది. దాని మీదనే జాకెట్టు వేసుకొని ఫ్రీజరులోకి వెళతాడు. జాకెట్టు వెచ్చగా ఉంచేది దూదిలో చిక్కుకున్న కదలని గాలి వల్ల. ఆ గాలి స్థానంలో చెమట చేరితే జాకెట్టు ఉన్నా లేనట్టే. ఐస్లాండులో సరిపోయే జాకెట్టు ఇక్కడ చాలకపోవడానికి కారణం ఇదే. ఒక్కొక్కరికి రెండేసి జాకెట్లు, ఆరబెట్టుకునే చోటు, లోపలికి పోయేముందు చొక్కా మార్చుకునే వీలు కావాలి.

మరి చట్టం ఏమంటుంది? మన ఫ్యాక్టరీల చట్టం 1948లో వచ్చింది. పనివారికి తగినంత సౌఖ్యం కలిగించే, ఆరోగ్యానికి హాని చేయని ఉష్ణోగ్రత ఉండాలని దాని 13వ సెక్షను చెప్పింది. ఆ సెక్షను చదివితే రాసినవాళ్ళ మనసులో కొలిమి వేడే మెదిలినట్టు కనిపిస్తుంది. గోడలు, కప్పు, వేడిని అడ్డుకోవడం గురించే అందులో ఎక్కువ మాటలు. కనీసం ఇన్ని డిగ్రీలు ఉండాలన్న అంకె లేదు. బ్రిటనులో 1963లో ఆఫీసులకూ దుకాణాలకూ చేసిన చట్టం అంకె వేసింది. గంట తరువాత గది 16 డిగ్రీలకు తగ్గకూడదు, ప్రతి అంతస్తులోనూ అందరికీ కనిపించేలా థర్మామీటరు ఉండాలి. సరుకు పాడవుతుంది కనుక గదిని వెచ్చబరచలేమంటే, పనివారు చలికాచుకునేందుకు దగ్గరలోనే తగిన ఏర్పాటు చేయాలి. మన రొయ్యల హాలుకు అతికినట్టు సరిపోయే మాట ఆ చివరిదే. రొయ్యను వెచ్చబరచమని ఎవరూ అడగడం లేదు.

2025 నవంబరు 21 నుంచి మన దేశంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమలులోకి వచ్చింది. 2020లో పార్లమెంటు చేసిన ఈ కోడ్ 1948 నాటి చట్టాన్ని తనలో కలుపుకుంది. గాలి, ఉష్ణోగ్రత, తేమలకు ప్రమాణాలు నియమాల ద్వారా పెట్టవచ్చునని ఇది చెబుతుంది. నిలబడి పనిచేసేవారికి మధ్యలో కూర్చునే వీలు, చేతులు కడుక్కునే చోటు, బట్టలు మార్చుకునే గది ఉండాలంటుంది. నిర్ణయించిన తరగతుల పనివారికి ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలి. తన ఆరోగ్యానికి, భద్రతకు సంబంధించిన సమాచారం యజమానిని అడిగే హక్కు పనివాడికి ఉంది. "ఈ గదిలో ఎన్ని డిగ్రీలు?" అన్నది అలాంటి ప్రశ్నే. ప్రాణానికో ఒంటికో తీవ్రమైన ముప్పు రాబోతున్నదని తోస్తే యజమానికి చెప్పి, అదే సమయంలో ప్రభుత్వ ఇన్‌స్పెక్టరుకు కూడా తెలపవచ్చు.

వేళ్ళను కాపాడడానికి కావలసినవి చాలా చవక వస్తువులు. పల్చని రబ్బరు గ్లవుజు నీటిని ఆపుతుంది కాని చలిని ఆపదు. దాని లోపల పొడి నూలు గ్లవుజు ఉండాలి. అది తడిస్తే మార్చుకోవడానికి మరో జత ఉండాలి. హాలు పక్కన గోరువెచ్చని నీటి తొట్టి ఒకటి చాలు. (వేడినీళ్ళు పనికిరావు. మొద్దుబారిన చేతికి కాలుతున్నదీ తెలియదు.) మధ్యమధ్య కొన్ని నిముషాలు చేతులు వెచ్చబరచుకునే విరామం కావాలి. అసలు చిక్కు ఈ విరామం దగ్గరే వస్తుంది. ఒలిచిన కిలోకు ఇంత అని కూలి కట్టే చోట, వెచ్చని నీటి దగ్గర నిలబడిన ప్రతి నిముషం కూలిలో కోతే. తొట్టి పెట్టినా దాని దగ్గరకు ఎవరూ రారు. ఆ విరామానికి కూడా కూలి లెక్కగట్టే చోట మాత్రమే తొట్టి చుట్టూ మనుషులు కనిపిస్తారు. వెచ్చబడిన చేయి త్వరగా ఒలుస్తుంది కనుక యజమానికి పోయేది పెద్దగా ఏమీ ఉండదు. మీ పెసరగింజల లెక్క మరోసారి చూసుకోండి.

పైన చెప్పిన కోడ్ సాధారణంగా పదిమంది, అంతకు మించి పనివారు ఉన్న చోట్లకు వర్తిస్తుంది. ఊరి చివర రేకుల షెడ్డు వేసి, ఏడెనిమిది మందితో రొయ్యలు ఒలిపించే చోట్లు ఈ లెక్కలోకి రావు. అక్కడా ఐసు సున్నా డిగ్రీలలోనే ఉంటుంది.