ఫ్రీగా దొరికే ఆటకి డబ్బులెందుకు కట్టాలి?

మా అక్కావాళ్ళు అమెరికాలో, మసాచుసెట్స్‌లో ఉంటారు. మొన్న వీడియో కాల్‌లో బావ, "ఒరేయ్, ప్లాస్టిక్ ప్లేటు విసరడానికి డబ్బులు కట్టి వచ్చానురా ఇవాళ" అన్నాడు. పక్కన అక్క ఒకటే నవ్వు. బావ సంగతి మాకందరికీ తెలుసు. పార్కింగ్‌కి డబ్బులడిగితే రెండు వీధుల అవతల కారు పెట్టి నడిచొచ్చే రకం. అలాంటివాడు కట్టాడంటే ఏదో ఉందనిపించి, కాల్ అంతా దాని గురించే అడిగాను.

ఆ ఆట పేరు డిస్క్ గోల్ఫ్. పద్ధతి గోల్ఫ్‌దే, కానీ కర్ర లేదు, బంతి లేదు. డిస్క్‌ని విసురుతూ, అది పడ్డ చోటి నుంచి మళ్ళీ విసురుతూ వెళ్ళి, ఇనప గొలుసులు వేలాడే బుట్టలో వెయ్యాలి. మామూలుగా ఒక కోర్సులో 18 బుట్టలుంటాయి. ఎవరు తక్కువసార్లు విసిరితే వాళ్ళు గెలిచినట్టు. ఎడ్ హెడ్రిక్ అనే ఆయన 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి కోర్సు పెట్టాడు. గొలుసుల బుట్ట కూడా ఆయన ఐడియానే. 2002లో ఆయన చనిపోయాక, ఆయన కోరిక ప్రకారం అస్థికల బూడిద కలిపి డిస్కులు చేశారు! ఇది చదివాక నాకు ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు, అది వేరే విషయం.

అమెరికాలో ఈ కోర్సులు ఎక్కువ శాతం పబ్లిక్ పార్కుల్లోనే ఉంటాయి, అవి ఫ్రీ. కారణం సింపుల్. గోల్ఫ్‌కి కావలసినట్టు పచ్చిక పెంచక్కర్లేదు, నీళ్ళు పెట్టక్కర్లేదు. ఉన్న చెట్ల మధ్యే బుట్టలు పాతేస్తే సరిపోతుంది. చాలాచోట్ల ఆడేవాళ్ళే వీకెండ్‌లో వచ్చి కొమ్మలు కొట్టి, చెత్త తీసి వెళ్తారు. అలా యాభై ఏళ్ళుగా ఆడేవాళ్ళ బుర్రలో ఈ ఆట ధర సున్నా అని ఫిక్స్ అయిపోయింది.

మరి బావ ఎందుకు కట్టాడు? వాళ్ళకి దగ్గర్లో లెస్టర్ అనే ఊళ్ళో మేపుల్ హిల్ అని ఒక కోర్సు ఉంది. క్రిస్మస్ చెట్లు పెంచే తోటలో ఉంటుంది, ప్రైవేటు స్థలం. ప్రొఫెషనల్ టోర్నమెంట్లు జరిగేది అక్కడే. "టీవీలో చూసే పిచ్ మీద మనం బ్యాటింగ్ చేసినట్టురా" అన్నాడు బావ. నేను అదే కారణం అనుకున్నాను. కానీ ఇంకాసేపు మాట్లాడితే అసలు లెక్క బయటికొచ్చింది. ఫ్రీ పార్కులో ఆదివారం వెళ్తే ప్రతి బుట్ట దగ్గరా ముందువాళ్ళ కోసం ఆగాలి. గడ్డి మోకాలి దాకా ఉంటుంది. అందులో డిస్క్ పడితే అరగంట వెతుకులాట, దొరక్కపోతే పదిహేను ఇరవై డాలర్లు పోయినట్టే. వానొస్తే నిలబడి విసిరే చోటు బురద, కాలు జారుతుంది. అంటే ఫ్రీ కోర్సు కూడా ఫ్రీ కాదు. డబ్బులకి బదులు టైమూ, డిస్కులూ, అప్పుడప్పుడు మోకాలూ తీసుకుంటుంది.

ఇది విన్నాక నాకు మా బాక్స్ క్రికెట్ గుర్తొచ్చింది. స్కూల్లో ఉన్నప్పుడు కాలనీ గ్రౌండ్‌లో ఊరికే ఆడేవాళ్ళం. ఇప్పుడు పది మందిమి తలా 120 వేసుకుని గంట టర్ఫ్ బుక్ చేస్తున్నాం. పచ్చ కార్పెట్ చూసి కాదు. ఆ గంట మనదే, ఎవడూ వచ్చి "అన్నా, జరగండి" అనడు. నెట్ ఉంది కాబట్టి బంతి ఆంటీ వాళ్ళింట్లో పడదు.

కాబట్టి డబ్బులు అడగాలంటే ముందు ఆ తలనొప్పి తీసెయ్యాలి. నిన్నటిదాకా ఊరికే ఆడిన పార్కులో, ఏమీ మార్చకుండా ఇవాళ రేటు బోర్డు పెడితే జనానికి మండుతుంది. అడిగే పద్ధతి కూడా ముఖ్యమే. కొన్ని స్టేట్ పార్కుల్లో ఆటకి ఏమీ తీసుకోరు, కారు లోపలికి రావడానికి మాత్రం కట్టాలి. నలుగురు ఒకే కార్లో వెళ్తే మనిషికి పడేది ఎంతో కాదు, పైగా ఆటకి కట్టినట్టే అనిపించదు. రోజూ ఆడేవాడికి ఏడాది పాస్ ఇస్తే, ప్రతిసారీ పర్సు తీసే బాధ ఉండదు.

అయినా నాకొక డౌట్ మిగిలింది. బావ ఈ ఆట మొదలుపెట్టింది ఎమ్మెస్ రోజుల్లో. రూమ్‌మేట్స్ నలుగురికీ కలిపి రెండే డిస్కులు. అద్దె పోగా చేతిలో ఏమీ మిగలని రోజులవి, సినిమాకి కూడా వెళ్ళేవాళ్ళు కాదట. "ఆ పార్కులో రెండు డాలర్లు అడిగినా నేను వెనక్కి వచ్చేసేవాణ్ణి" అన్నాడు. అలా వచ్చేసి ఉంటే ఇవాళ మేపుల్ హిల్‌కి ఒక కస్టమర్ తక్కువ. నాకైతే ఊళ్ళో ఒక ఫ్రీ కోర్సు ఉంటేనే పక్కన డబ్బుల కోర్సు నడుస్తుందనిపిస్తోంది. నేర్చుకునే చోటే గేటు పెడితే, తర్వాత కట్టేవాడు ఎక్కణ్ణుంచి వస్తాడు?

వచ్చే శనివారం బావ మళ్ళీ వెళ్తున్నాడు. అక్క కూడా నేర్చుకుంటానంది, కానీ ఫ్రీ పార్కులోనేనట.