క్యాంటీన్‌లో ఓ బల్ల
రేణిగుంట దగ్గర ఓ ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్‌ పని నాది. ఏటా గ్రూపు ఇన్సూరెన్సులో ఇంటివాళ్ల పేర్లు చేర్చే గడువు వస్తే ఇంగ్లీషు మెయిలు పంపి ఊరుకునేవాళ్లం. మిషన్ల దగ్గరుండే వాళ్లలో మెయిలు చూసేదెవరు? ఈసారి టీ టైములో తెలుగు కాగితాలతో క్యాంటీన్‌లోనే కూర్చున్నా. గ్రూపు ఇన్సూరెన్సు ఒక్కటే కాదు, నెలకు 21,000 రూపాయల దాకా జీతం ఉన్నవాళ్లకు ఈఎస్‌ఐ కూడా ఉంది: 0.75 శాతం వాళ్లది, 3.25 కంపెనీది. తమ మీద ఆధారపడిన అమ్మానాయనలనూ అందులో చేర్చొచ్చని చాలామందికి తెలియనే తెలియదు. పీఎఫ్‌ సంగతీ అంతే. టీ తాగుతున్న ఒకతన్ని అడిగినా.

"పీఎఫ్‌ నామినీ ఎవరప్పా?"

"మాయమ్మ, మేడం. చేరినప్పుడే రాసిచ్చినా."

"పెండ్లయిందా?"

"పోయినేడు."

పెండ్లికి ముందు రాసిన పీఎఫ్‌ నామినేషన్‌ పెండ్లితో చెల్లకుండా పోతుంది, మళ్లీ రాయాల్సిందే. ఆ మాటకు టీ గ్లాసు పక్కన పెట్టేసినాడు. భార్య ఫొటో అడిగితే ఫోను వాల్‌పేపర్‌ చూపించినాడు, కాణిపాకం గుడి ముందర ఇద్దరూ. అందులోంచే ఆమె ముఖం కత్తిరించి పీఎఫ్‌ సైట్లో ఎక్కించాం.