వృద్ధులతో కొండనడక



పంటలు ఇంటికి చేరి పనులు తెఱపియైనంతనే మా కోదాడ ప్రాంతమున ననేక కుటుంబములకు తిరుమల ప్రయాణపు తలంపు పుట్టును. ప్రయాణము, బస, దర్శనము ఇవన్నియు నెట్లో కుదురును. ఇంటిలోని పెద్దలు "నేను కొండ నడిచి యెక్కెదనని మ్రొక్కుకొంటిని" అన్నప్పుడే చిక్కు వచ్చును. వలదన్నచో మ్రొక్కునకు అడ్డుపడినవారమగుదుము. సరే యన్నచో వారి ప్రాణమునకు మనమే ముప్పు తెచ్చుచున్నామేమో యని భయము. ఈ మాటకు తొందరపడి బదులు చెప్పరాదు. ముందు కొండను, పిమ్మట మనిషిని కొలిచి చూడవలెను.

అలిపిరి బాట సుమారు 9 కిలోమీటర్లు; మెట్లు 3,550. మన మేడకు 20 మెట్లున్నవనుకొన్నచో, ఆ మేడను ఒక్కపూటలో 177 మారులు ఎక్కినట్లు. కష్టము దారి పొడుగున నొక్కతీరున నుండదు. గాలిగోపురము వఱకు గల రెండువేల పైచిలుకు మెట్లు మిక్కిలి నిట్టనివి. ఆ పిదప చాలదూరము నడక తేలిక. ఇక గట్టెక్కితిమను భ్రమ యచ్చట కలుగును. కాని కడపట మోకాళ్లపర్వతము కాచుకొనియుండును. శ్రీనివాసమంగాపురము వైపునుండి పోవు శ్రీవారిమెట్టు బాట రెండు కిలోమీటర్లకు కొంచెము హెచ్చు, మెట్లు సుమారు 2,400. దగ్గఱదారి గదా యని ముసలివారిని అటు తీసికొనిపోవువారు కలరు. దారి కుఱుచయైనకొలది ఏటవాలు హెచ్చును. ఆ బాట పడుచువారిది.

ఇక మనిషి సంగతి. వార్ధక్యమున గుండె యౌవనమందువలె వేగము పెంచుకొనజాలదు. దేహమునకు నీరు కావలసియున్నను దప్పిక తోచదు; కావున అడిగినప్పుడిచ్చెదమనక, గడియగడియకు మనమే రెండు గ్రుక్కలు త్రాగింపవలెను. శ్రవణకుమారుని కావడి నందఱును పొగడుదురు గాని, తలిదండ్రులు దప్పిగొన్నప్పుడు వారిని విడిచి నీటికై పోవలసివచ్చుటవలననే యా కథలోని యనర్థమంతయు జరిగెనని యెవ్వరు తలంతురు? రక్తపుపోటునకు మందు వాడువారు కూర్చుండి చటుక్కున లేచినచో కన్నులు చీకట్లు క్రమ్మును. మధుమేహము గలవారు మందు మ్రింగి, ఉపవాసముతో నెక్కినచో రక్తములోని చక్కెర పడిపోయి చెమట పట్టును, చేతులు వణకును, మాట తడబడును. బాలుడగు అన్నమయ్య మోకాళ్లపర్వతముకడ ఆకలితో సొమ్మసిల్లగా అలమేలుమంగమ్మ ప్రసాదమిడి లేపినదని ఐతిహ్యము. అంతటివానికే తప్పని యాకలి మన పెద్దలకు తప్పునా? ఫలహారము చేసియే మొదటి మెట్టు త్రొక్కవలెను.

2024 అక్టోబరులో దేవస్థానమువారు 60 ఏండ్లు దాటినవారును, మధుమేహము, రక్తపుపోటు, ఉబ్బసము, మూర్ఛ, కీళ్లజబ్బులు గలవారును నడిచి రాకుండుట మేలని సూచించిరి. ఇది మా తల్లిగారికే గాక నాకును వర్తించును. కొడుకు తోడున్నాడు గదా యని యందఱును ధైర్యపడుదురు. ఆ కొడుకునకే అరువదియైదేండ్లని యెవ్వరికిని తోచదు! వెంట దృఢకాయుడగు మనుమడొకడైన నుండితీరవలెను.

మా తల్లిగారికి ఎనుబదినాలుగేండ్లు. క్రిందటి యేట ఆమెయు నిట్టి మ్రొక్కే చెప్పిరి. మొదట వైద్యునికి చూపితిమి. ఆయన గుండెను పరీక్షించి, మెల్లగా నడచుట కభ్యంతరము లేదనిరి. పిమ్మట నెలదినములు ప్రొద్దుట పెద్దచెఱువు కట్టపై నడిపించి, తరువాత మేడమెట్లు ఎక్కించితిమి. ఎక్కుచున్నంతసేపును గోవిందనామము పలుకుమని కోరితిని. నామము ఒక్క ఊపిరిలో పూర్తిగా వచ్చుచున్నచో నడక సరిపోయినట్లు. "గోవిం" అని నిలిచి యెగశ్వాస తీసికొన్నచో అచ్చట కూర్చుండవలెను. దీనికి యంత్రముతో పనిలేదు. నాలుగవ మారు మేడ యెక్కునప్పటికి నామము తెగినది.

"అమ్మా, ఇవి యెనుబది మెట్లు. అక్కడ మూడువేలయైదువందలు" అంటిని.

"స్వామి నడిపించునురా నాయనా" అనిరి.

"బస్సును కూడ నాయనయే నడిపించునమ్మా" అంటిని. రెండు దినములు నాతో మాటలాడలేదు. మూడవనాడు తామే "ఎన్ని మెట్లు ఎక్కనిచ్చెదవో చెప్పు" అని యడిగిరి. నలుబది యని యొప్పందము చేసికొంటిమి. అలిపిరికడ మొదటి మెట్టునకు పసుపు కుంకుమ లుంచి, నలుబదియు నెక్కి, దిగివచ్చి బస్సెక్కితిమి.

ఈ యొప్పందము ఇంటియొద్దనే జరుగవలెను. ఎచ్చట వెనుకకు మరలవలెనో కొండమీద నిర్ణయింపబూనినచో, సగము వచ్చితిమి గదా యను మాటయే గెలుచును. శక్తి కలిగి పూర్తిగా నడువబూనిన పెద్దలకు సైతము ఎల్ల ముందే యుండవలెను: గాలిగోపురమునకు ఇన్ని గంటలలో చేరనిచో అంతటితో ఆగుట. రొమ్ము బిగియుట, దవడకో ఎడమచేతికో నొప్పి ప్రాకుట, చల్లని చెమట, ఇవి కనబడినచో విశ్రమించి మరల నెక్కుదమనరాదు. కూర్చుండబెట్టి 108కి ఫోను చేయవలెను. ముసలివారికి, మధుమేహము గలవారికి గుండెపోటు నొప్పిలేకయు రావచ్చును. ఆయాసము, మితిమీఱిన నీరసము మాత్రమే కనబడును. 1,500వ మెట్టుకడను, గాలిగోపురముకడను, భాష్యకార్ల సన్నిధికడను వైద్యసహాయము లభించునని దేవస్థానము ప్రకటించినది. వాడు మందుల పేర్లు, ఇంటివారి ఫోను సంఖ్య వ్రాసిన చీటి పెద్దల కొంగున కట్టుట మంచిది.

మిర్యాలగూడ మీదుగా పోవు నారాయణాద్రిలో రాత్రియంతయు ప్రయాణించి, తెల్లవారగనే కొండ యెక్కించువారిని చూచినాను. నిద్రలేని దేహముతో ఆ పని తగదు. ఒక పగలు, ఒక రాత్రి క్రింద విశ్రమించి, మఱునాడు ఎండ ముదురకముందే బయలుదేరవలెను. చీకటి పడకముందే నడక ముగియవలెను. 2023 ఆగస్టులో ఆ బాటయందే ఆరేండ్ల బాలిక చిఱుతవాత పడినది. గుంపును విడువరాదు.

దిగుట సులభమను మాట మోకాళ్లు చెడనివారిది. దిగునప్పుడు అడుగడుగునకు దేహభార మంతయు నొక్క మోకాటిపై పడును. ఎక్కి యలసిన కాళ్లు అప్పుడే తడబడును. కావున ఎక్కుట యెట్లైనను దిగుట బస్సుమీదనే. 1944లో తొలిసారి మోటారుబండ్లకు తెఱచిన ఘాటుబాట నేడు దిగువాహనములకే. 1974 నాటి రెండవ బాట ఎక్కువాహనములకు. దిగుబాటలో మలుపులు మెండు. కడుపు త్రిప్పు పెద్దలను ముందు వరుసలో కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టుడు.